తరంగముల పొలిమేరలు

హైదరాబాదునకు తూర్పుదిక్కున, ఉప్పలు దాటి వరంగల్లు రహదారి వెంట ఘట్‌కేసరు వైపు పోవువారికి పోచారము చేరువలో తగులు అన్నోజిగూడ, నిన్నమొన్నటి వరకు పల్లె. నేడు అపార్టుమెంట్లు, హాస్టళ్లు, సాఫ్ట్‌వేరు ఉద్యోగుల అద్దెయిండ్లు క్రిక్కిరిసిన నగరోపాంతము. ఇచ్చటి ఇండ్లలో, గోడకు తగిలించినదో బీరువాపై నుంచినదో, వైఫై రూటరు ఒకటి రేయింబవళ్లు వెలుగుచునే యుండును. ఆ పెట్టె సెట్టింగులలో 'కంట్రీ' అను గడి యొకటి కలదు. లినక్సు వాడువారి కంప్యూటరులో, కన్ఫిగరేషను ఫైలునందు, అట్టిదే యొక పంక్తి కలదు. అందు వ్రాయవలసినవి రెండే అక్షరములు: భారతదేశమునకు 'ఐఎన్'. ఏ పౌనఃపున్యమున పలుకవచ్చునో, ఎచ్చట మౌనము వహింపవలెనో, పలికినచో ఎంత బిగ్గరగా పలుకవచ్చునో, ఆ యంత్రము ఈ రెండక్షరములను బట్టియే తెలిసికొనును.

పెక్కుమంది తలపక దాటిపోవు ఈ గడి వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర యున్నది. అందు కొంత భాగము ఈ తూర్పు హైదరాబాదు నేలమీదనే నడచినది. పౌనఃపున్యపు హద్దు యంత్రమునకు పుట్టుకతో వచ్చిన అశక్తత కాదు. ఇరుగుపొరుగువారు కూడబలుకుకొని గీచుకొన్న పొలిమేర. ఆ పొలిమేరను కాచు బాధ్యత సర్కారు కచేరీనుండి యంత్రగర్భములోనికి, అటనుండి సామాన్యుని వ్రేలికొసకు ఎట్లు చేరినదో చూపుట ఈ వ్యాసోద్దేశము.

విద్యుదయస్కాంత తరంగము గోడను లెక్కచేయదు. ఊరి యెల్లను, దేశపు సరిహద్దును ఎరుగదు. ఒకేచోట, ఒకే పౌనఃపున్యమున, ఒకే సమయమున ఇద్దరు పలికినచో వినువానికి ఇద్దరి మాటయు దక్కదు. తెలంగాణపు చెరువు క్రింద ఏ తూము ఎప్పుడు తీయవలెనో, ఎవరి మడికి ఎంత నీరు పారవలెనో నీరడి చూచినట్లు, ఆకాశమున కూడ ఎవరి వంతు ఎంతయో చూచు ఏర్పాటు ఒకటి లేకున్నచో అందరికిని నష్టమే కలుగును. ఈ సత్యము ప్రపంచమునకు సముద్రముమీద తెలిసినది. 1906లో బెర్లినునందు కూడిన దేశములు నౌకల వాడుకకు 300, 600 మీటర్ల తరంగదైర్ఘ్యములను ఏర్పరచినవి. 1912 ఏప్రిలులో టైటానిక్ నౌక మునిగిన పిమ్మట, ఆ సంవత్సరమే లండనులో జరిగిన సమావేశము ఆ నియమములను మరింత బిగించినది. 1927లో వాషింగ్టనునందు మొట్టమొదటిసారి పౌనఃపున్యములన్నిటిని పట్టీలుగా విభజించి, ఈ పట్టీ నౌకలకు, ఈ పట్టీ ప్రసారములకు, ఈ పట్టీ ఔత్సాహికులకు అని పంపకము చేసిరి. బ్రిటిషు ఇండియాలో 1885 నాటి టెలిగ్రాఫు చట్టమునకు తోడుగా 1933లో వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము వచ్చినది. దానిని బట్టి అనుమతి లేక వైర్‌లెస్ పరికరమును దగ్గర ఉంచుకొనుటయే నేరమాయెను. స్వాతంత్ర్యము వచ్చిన వెనుక, 1952లో, ఈ పంపకపు పని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగమునకు అప్పగింపబడినది.

హైదరాబాదు కథ దీనికి కొంత భిన్నముగా మొదలైనది. నిజాము రాజ్యములో 1930ల తొలినాళ్లలో మహబూబ్ అలీ యను ఉత్సాహవంతుడు చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటరుతో స్వంతముగా ప్రసారములు ప్రారంభించెను. 1935లో నిజాము ప్రభుత్వము దానిని తన చేతిలోనికి తీసికొన్నది. తరువాత నగరపు తూర్పుననున్న సరూర్‌నగరున పెద్ద ట్రాన్స్‌మిటరు నెలకొల్పబడి, దక్కను రేడియో 411 మీటర్లపై, అనగా 730 కిలోహెర్ట్జులపై, వినవచ్చెడిది. 1950 ఏప్రిలు 1న ఆ కేంద్రము ఆకాశవాణిలో విలీనమైనది.

ఆ దినములలో హద్దు రెండు చోట్ల నివసించెడిది. ప్రసారకేంద్రములో అది క్వార్ట్జు స్ఫటికపు రూపమున నుండెను: స్ఫటికమును ఏ మందమునకు కోసిరో ఆ పౌనఃపున్యముననే అది కంపించును, కావున హద్దు మార్చవలెనన్న స్ఫటికమునే మార్చవలెను. ఇంటిలో అది కాగితపు రూపమున నుండెను: రేడియో కొన్న గృహస్థు ఏటేట తపాలా కార్యాలయమునకు పోయి, రుసుము చెల్లించి, లైసెన్సు పుస్తకమున స్టాంపు అంటింపించుకొని రావలెను. వినుటకు సహితము అనుమతి అవసరమైన ఆ కాలము 1980ల నడుమ గాని ముగియలేదు.

హద్దు స్ఫటికములో బిగిసియున్నను, అది శాశ్వతము కాదనుటకు మన రేడియోకేంద్రముల సంఖ్యలే సాక్ష్యము. 1975లో జెనీవాలో కూడిన దేశములు మధ్యమతరంగ ప్రసారములకు కొత్త ప్రణాళిక వ్రాసికొని, ప్రతి కేంద్రపు పౌనఃపున్యము తొమ్మిదిచే భాగింపబడవలెనని నిశ్చయించినవి. 1978 నవంబరు 23న అది అమలులోనికి వచ్చినది. మన హైదరాబాదు కేంద్రము 738, విజయవాడ 837, విశాఖపట్టణము 927, కడప 900 కిలోహెర్ట్జులు. పాఠకుడు తానే తొమ్మిదితో భాగించి చూడవచ్చును: 82, 93, 103, 100. సరూర్‌నగరు నాటి 730ను భాగించినచో శేషము మిగులును. దూరమున జెనీవాలో దేశముల ప్రతినిధులు చేసిన ఒక నిర్ణయము మన యింటి రేడియో ముల్లును కొద్దిగా ప్రక్కకు జరిపినది; ఆ జరుగుబాటు ఉద్దేశము రాత్రివేళ దూరపు కేంద్రముల రొద తగ్గించుట.

అన్నోజిగూడకు సమీపముననే, చర్లపల్లిలో, 1967 ఏప్రిలు 11న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా పుట్టినది. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లున జన్మించి, కాశీలోను స్టాన్‌ఫర్డులోను చదివి, హోమీ భాభా అనుచరులలో ఒకరైన అయ్యగారి సాంబశివరావుగారు దానికి ప్రాణము పోసిరి, నేడు ఏ.ఎస్.రావు నగరు ఆయన పేరనే వెలసియున్నది. దేశములో తయారైన తొలి డిజిటల్ కంప్యూటర్లలో నొకటైన టీడీసీ 12ను ఈ సంస్థయే 1969లో వెలువరించినది. చంద్రయాన్ 1 నౌక మాటలు వినుటకు బెంగళూరు సమీపమున బ్యాలాలులో నిలిపిన 32 మీటర్ల ఏంటెన్నాను నిర్మించినదియు ఈ సంస్థయే. లెక్కలు చేయు యంత్రము, ఆకాశముతో మాటలాడు యంత్రము ఒకే కప్పు క్రింద తయారైనవి గాని, ఆనాడు అవి రెండు వేరు విద్యలు. లెక్కల యంత్రమే తరంగపు హద్దును నిర్ణయించు కాలము ఇంకను రాలేదు.

ఆ రెండు విద్యలకు నడుమ మూడవ సంప్రదాయమొకటి హైదరాబాదులో వేళ్లూనినది. దానినే హ్యాం రేడియో యందురు. 1983లో సూరిగారు స్థాపించిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ సోమాజిగూడనుండి పనిచేయుచు ఎందరినో పరీక్షలకు సిద్ధపరచినది. హ్యాం లైసెన్సు కోరువాడు వలయములను గురించియే గాక నియమములను గురించియు పరీక్ష వ్రాయవలెను. ఏలయన అతని చేతి యంత్రమునకు హద్దు లేదు. హద్దు అతని తలలో నుండవలెను. భారతదేశమున రెండు మీటర్ల పట్టీ 144 మొదలు 146 మెగాహెర్ట్జుల వరకే. అమెరికాలో అది 148 వరకు సాగును. బజారులో దొరకు చేతిరేడియోలు పెక్కు 136 మొదలు 174 వరకు దేనినైనను పట్టుకొనగలవు. 146 దాటగానే బటను నొక్కకుండ ఆగువాడే హ్యాం. ఈ శిక్షణ ఫలము 2004 డిసెంబరులో లోకమునకు కనబడినది: హైదరాబాదు సంస్థకు చెందిన భారతీ ప్రసాదుగారు అండమాను దీవులలో తమ కేంద్రమును నడుపుచుండగా 26వ తేదీన సునామీ వచ్చినది, టెలిఫోనులు తెగిపోయిన ఆ దీవులకు, ప్రధానభూమికి నడుమ ఆమె బృందము వార్తలు మోసినది. ఆపత్కాలమున హ్యాంలకు కేటాయించిన పట్టీలు వాడుకకు సిద్ధముగా నుండుట అంతకుముందు అందరును పొలిమేర దాటకుండుట వలన సాధ్యమైనది.

ఇంతలో ఆకాశము ఎవరి సొత్తు అను ప్రశ్న సర్వోన్నత న్యాయస్థానము ముంగిటికి వచ్చినది. 1993 నాటి హీరో కప్పు క్రికెట్టు ప్రసారముపై బెంగాలు క్రికెట్టు సంఘమునకు, కేంద్ర సమాచార ప్రసార శాఖకు నడుమ లేచిన వివాదములో 1995 ఫిబ్రవరి 9న తీర్పు వెలువడినది. ధర్మాసనములోని ముగ్గురిలో నొకరు తెలంగాణమునుండి వెళ్లిన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డిగారు. ఆయన వేరుగా వ్రాసిన తీర్పులో ఆకాశతరంగములు ప్రజల ఆస్తి యనియు, వాటిని ప్రజాహితముకొరకు, ఒకరి హక్కును మరియొకరు కబళింపకుండ, ప్రజాధికారసంస్థ నియంత్రింపవలెననియు స్పష్టపరచిరి. నా దృష్టిలో ఈ వ్యాసమునకు మూలస్తంభము ఇదియే. ఆస్తి ప్రజలదైనచో హద్దు ప్రభుత్వము ప్రజలపై విధించిన ఆంక్ష కాదు, ప్రజలు తమలో తాము చేసికొన్న కట్టుబాటు.

తీర్పు వచ్చిన పదేండ్లకు, 2005 జనవరి 28న, కేంద్ర ప్రభుత్వము 2400 మొదలు 2483.5 మెగాహెర్ట్జుల వరకు గల పట్టీని లైసెన్సు లేకుండ వాడుకొనుటకు గెజిట్టులో అనుమతించెను. అయితే హద్దులు తొలగలేదు: ట్రాన్స్‌మిటరు శక్తి ఒక వాటును, ఏంటెన్నా వృద్ధితో కలిపి నాలుగు వాట్లను మించరాదు. 5 గిగాహెర్ట్జుల పట్టీలో కొంత భాగము అదేనాడు ఇంటిలోపలి వాడుకకు మాత్రము తెరువబడినది. 2018 అక్టోబరు 22 నాటి ప్రకటనతో 5150 మొదలు 5350 వరకు, 5470 మొదలు 5875 వరకు, మొత్తము 605 మెగాహెర్ట్జులు ఇంటిలోపలను వెలుపలను స్వేచ్ఛగా వాడుకొనుటకు లభించినవి. ఈ పట్టీలలో తపాలా కార్యాలయపు పుస్తకము లేదు, పరీక్ష లేదు, లైసెన్సు లేదు. పొలిమేర మాత్రము నిలిచినది. దానిని ఇక కాచునదెవరు?

తొలుత తయారీదారులు తామే కాచిరి. వైఫై కార్డులోని చిన్న స్మృతిచిప్పులో ఏ దేశమునకు ఈ కార్డు అమ్మబడుచున్నదో సంకేతముగా చెక్కి, డ్రైవరు దానిని చదివి ఆ మేరకే చానెళ్లు చూపునట్లు చేసిరి. ఆపరేటింగు సిస్టము మూలగ్రంథము రహస్యముగా నున్నంతకాలము ఇది సాగినది. కాని లినక్సు వచ్చినది; దాని మూలము ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును. హద్దులు తెలిపెడు భాగమును బయటపెట్టినచో వాడుకరులు దానిని తుడిచివేయుదురని, నేరము తమ మెడకు చుట్టుకొనునని తయారీదారులు భయపడిరి. ఎథెరోస్ సంస్థ వైఫై చిప్పులకు వ్రాసిన మ్యాడ్‌వైఫై డ్రైవరులో రేడియోను తాకు పొర మాత్రము చదువవీలులేని రూపముననే యుండెను. ఇంటెలు 2006లో ఇచ్చిన 3945 డ్రైవరునకు తోడుగా హద్దులు చూచుటకే ఒక మూసిన ప్రోగ్రాము నడువవలసివచ్చెను. తెలుగులో లినక్సును తెచ్చుటకు హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ ఉద్యమించినది కూడ ఇంచుమించు ఈ కాలముననే. ఆపరేటింగు సిస్టము మన భాషలో మాటలాడుట ఎంత ముఖ్యమో, అది మన చట్టమును మనము చదువగల రూపములో పాటించుట అంత ముఖ్యమని ఆ కాలపు చర్చలు నేర్పినవి.

2008లో మార్గము తెరచుకొన్నది. ఎథెరోస్ సంస్థయే ఆ యేడు జూలైలో ఏథ్9కె అను బహిరంగ డ్రైవరును, సెప్టెంబరులో దాచిన పొర మూలమును విడుదల చేసినది. లూయిస్ రాడ్రిగేజ్ మున్నగువారు లినక్సు కెర్నెలులో, అనగా దాని మూలభాగములో, హద్దుల ఏర్పాటును క్రొత్తగా నిర్మించిరి. ఆ డిసెంబరున వెలువడిన 2.6.28 కెర్నెలుతో అది లోకమునకు అందినది. దాని నిర్మాణము సరళము, న్యాయసమ్మతము. ప్రపంచ దేశముల నియమములన్నియు సాదా అక్షరములలో ఒకే పట్టికలో వ్రాయబడి యుండును. దానిపై డిజిటల్ సంతకము ఉండును. సంతకము సరిపోయినచో గాని కెర్నెలు దానిని అంగీకరింపదు. తొలుత ఆ పట్టికను కెర్నెలునకు అందించుటకు ఒక మధ్యవర్తి ప్రోగ్రాము ఉండెడిది; 2018 జనవరిలో వచ్చిన 4.15 కెర్నెలునుండి అది అక్కరలేక కెర్నెలే ఆ పట్టికను స్వయముగా చదువుచున్నది.

ఆ పట్టికలో మన దేశపు పేరు క్రింద మొదటి పంక్తిని దగ్గరగా చూతము: '2402 - 2482 @ 40'. మొదటి రెండు అంకెలు మెగాహెర్ట్జులలో పొలిమేర రాళ్లు. మూడవది ఒక చానెలునకు అనుమతించిన గరిష్ఠ వెడల్పు. ఆ వెనుక డీబీఎములలో శక్తి వ్రాయబడి యుండును: 20 అన్నచో వంద మిల్లీవాట్లు, 30 అన్నచో ఒక వాటు, 36 అన్నచో నాలుగు వాట్లు. టెర్మినలు తెరచి 'ఐడబ్ల్యూ రెగ్ సెట్ ఐఎన్' అని కొట్టగానే గెజిట్టులోని నియమము యంత్రపు నియమముగా మారును. దేశము చెప్పనిచో యంత్రము తాను ఎచ్చట నున్నదో ఎరుగక '00' అను విశ్వసామాన్య నియమమునే పాటించును. అప్పుడు 12, 13 చానెళ్లపైనను, 5 గిగాహెర్ట్జుల పట్టీపైనను తానుగా మొదట పలుకక, ఇతరులు పలుకునదేమో వినుచు కూర్చుండును.

ఈ ఏర్పాటు వలన కలుగు చిక్కు ఒకటి మన యిండ్లలో తరచుగా ఎదురగునది. అమెరికానుండి సెలవులకు వచ్చిన కుమారుని ల్యాప్‌టాపునకు అన్నోజిగూడలోని తల్లిదండ్రుల వైఫై కనబడదు. అదే గదిలో నాన్నగారి ఫోనుకు చక్కగా కనబడుచుండును. రూటరు చెడలేదు, ల్యాప్‌టాపు చెడలేదు. రూటరు తన ఇష్టమున 13వ చానెలును, అనగా 2472 మెగాహెర్ట్జులను, ఎన్నుకొన్నది. అది మన చట్టమునకు సమ్మతము. అమెరికా కార్డు 11వ చానెలు, 2462 వద్దనే ఆగవలెనని చిప్పులో వ్రాసికొని వచ్చినది. 'ఐఎన్' అని వ్రాసినను పెక్కు కార్డులు మారవు. ఏలయన చిప్పు చెప్పిన హద్దు, వాడుకరి చెప్పిన హద్దు భిన్నమైనచో రెంటికిని ఉమ్మడిగా నున్న భాగమునే లినక్సు అనుమతించును. వాడుకరి మాట హద్దును ఇరుకు చేయగలదు గాని వెడల్పు చేయలేదు. రూటరును 1, 6, 11లలో ఒకదానికి మార్చుటయే సులభమైన పరిష్కారము.

5 గిగాహెర్ట్జులలో మరియొక సున్నితపు మర్యాద కలదు. ఆ పట్టీ నడిమి భాగము రాడార్లదియు కావున, అచ్చట పలుకదలచిన రూటరు ముందుగా అరువది సెకన్లు వినవలెను. పనిచేయునపుడు రాడారు ధ్వని తగిలినచో పది సెకన్లలో తప్పుకొని ముప్పది నిముషములు ఆ చానెలు వంక చూడరాదు. ఈ నియమమును నిర్లక్ష్యము చేసినందున అమెరికాలో విమానాశ్రయముల చెంత గాలివానలు కనిపెట్టు రాడార్లు అంతరాయమునకు గురియైనవి. ఆ దేశపు అధికారులు ఆగ్రహించి, 2015లో రూటర్ల సాఫ్ట్‌వేరును వాడుకరి మార్చుకొనకుండ చేయవలెనన్నట్టి సూచనలు జారీచేసి, నిరసనలు రేగగా ఆ సంవత్సరాంతమునకే సవరించిరి. 2016లో టీపీ లింకు సంస్థ, దేశపు గడిని మార్చి శక్తిని పెంచుకొనగల రూటర్లను అక్కడ అమ్మినందుకు, రెండులక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. అదే ఒప్పందములో బయటివారి బహిరంగ సాఫ్ట్‌వేరునకు తన రూటర్లలో చోటుకల్పించుటకు కృషిచేయుదునని మాట యిచ్చెను. హద్దును రక్షించుటకు యంత్రమునకు తాళము వేయనక్కరలేదని అధికారులే అంగీకరించిన సందర్భమది.

సిగ్నలు బలహీనమైనపుడు దేశపు గడిలో మరియొక దేశమును వ్రాసి శక్తిని పెంచుకొను ఉపాయము మన కుర్రవారిలోను ప్రచారమున నున్నది. ఇది తెలివి కాదు. రూటరు గొంతు పెరిగినను ఫోను గొంతు పెరుగదు. అటునుండి జవాబు రానిచో ఇటు కేక వ్యర్థము. గోడకు గోడ ఆనుకొన్న అపార్టుమెంట్లలో ఒకరు గొంతు పెంచగానే ప్రక్కింటివారును పెంచుదురు. కడకు పిల్లల ఆన్‌లైను చదువులు, పెద్దల ఆఫీసు మీటింగులు అందరివియు తెగును. రూటరు చోటు మార్చుట, వెడల్పు తగ్గించుట, ఇంటి నడుమ రెండవ పెట్టె నిలుపుట న్యాయమైన మార్గములు.

అయితే హద్దును పాటించుటతోనే మన ధర్మము తీరదు. హద్దు సరిగా వ్రాయబడినదో లేదో చూచుటయు మన ధర్మమే. చట్టము మారుచుండును: 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వము 5925 మొదలు 6425 మెగాహెర్ట్జుల వరకు గల దిగువ 6 గిగాహెర్ట్జుల పట్టీని తక్కువ శక్తితో లైసెన్సు లేకుండ వాడుకొనుటకు ముసాయిదా నియమములను ప్రకటించెను. ఇట్టి నియమము గెజిట్టులో వెలువడినంత మాత్రమున లినక్సు పట్టికలోనికి దానంతటది ఎక్కదు. ఎవరో ఒకరు ప్రకటనను చదివి, అంకెలు సరిచూచి, ఆధారము చూపి, సవరణ పంపవలెను. పట్టికను కాచువారు పరిశీలించి సంతకము చేసి లోకమునకు పంచుదురు. ఒకనాడు సర్కారు గదులలో మాత్రమే జరిగిన పని నేడు బహిరంగముగా, ఎవరైనను పాల్గొనదగినట్లు జరుగుచున్నది. పోచారమునుండి నాచారము వరకు వేలకొలది ఇంజనీర్లు బ్రతుకుచున్న ఈ తూర్పు హైదరాబాదులో ఆ పనికి కావలసిన విద్య కొరవడలేదు. మన కళాశాలలు కమాండును నేర్పునపుడు దాని వెనుకనున్న చట్టమును, చరిత్రను కూడ నేర్పినచో, మన దేశపు పంక్తులను సరిచూచి దిద్దువారు మనలోనుండియే వత్తురు. అందులకు లైసెన్సు అక్కరలేదు. గెజిట్టు చదువు ఓర్పు, పొరుగువాని హక్కుపట్ల గౌరవము, ఈ రెండును చాలును.